భూమిమీద సూర్యుడు: ఆశయు శంకయు

(పఠనమందిరమున చదివిన ప్రసంగ పాఠము)



కేంద్రక సంలీనమను మాట నేడు పత్రికలలో తఱచుగా కానవచ్చుచున్నది. తరుగని శక్తి మానవుని చేజిక్కెనని ఒకనాడు చదువుదుము. అదియంతయు బూడిదలో పోసిన పన్నీరని మఱొకనాడు చదువుదుము. మొదటి వార్తను నమ్మినవాడు కొన్నినెలలకు మోసపోయితినని వగచును. రెండవదానిని నమ్మినవాడు తనంతటి తెలివిగలవాడు లేడని మీసము దువ్వును. ఇరువురిలో నెవ్వరును విషయమును విచారించినవారు కారు. ఈ శక్తి యెట్టిది, ఇంతకాలమునుండి యేల చేజిక్కదాయెను, దీనినిగూర్చి ముందుముందు రాబోవు వార్తలను మన మెట్లు తూచవలయును, మన దేశము దీనికై ధనము వెచ్చించుట తగునా తగదా యను నాలుగు సంగతులను సాధ్యమైనంత సులభముగ మనవి చేయుటయే నేడు మేము పూనిన పని.

1920లో ఆస్టనను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పరమాణువులను మిక్కిలి సూక్ష్మముగా తూచి యొక వింతను కనుగొనెను. ఉదజని, అనగా హైడ్రోజను, పరమాణువులు నాలుగింటి బరువుకంటె హీలియపు పరమాణువొకదాని బరువు కొంచెము తక్కువ. వేయింట ఏడు పాళ్లు మాత్రమే ఆ లోటు. నాలుగు ఉదజనులు కూడి హీలియమైనచో ఆ యేడు పాళ్లు ఏమైపోవును? శక్తిగా మాఱునని ఎడింగ్టను పండితుడు ఆ సంవత్సరముననే ఊహించెను. సూర్యుడు కోట్లకొలది యేండ్లుగా ఆఱిపోక మండుచుండుటకు కారణమిదియే కావచ్చునని ఆయన చెప్పెను. అదే 1920లో మన మేఘనాథ సాహా, మహోష్ణమున పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడిపోవు తీరును గణితముతో నిరూపించెను. అట్లు విడిపోయిన స్థితికే ప్లాస్మాయని పేరు. 1939లో హాన్స్ బేథే సూర్యగర్భమునందలి మార్పులను మెట్టుమెట్టుగా వివరించెను. కావున మూలసూత్రమును గూర్చి శంకింప బనిలేదు. దానికి సాక్షి ప్రతిదినమును తూర్పున ఉదయించుచునే యున్నాడు.

ఇంధనమునకు కొఱత కలదా? ఒక ఘనమీటరు సముద్రజలమున సుమారు 33 గ్రాముల డ్యుటీరియము కలదు. ఇది ఉదజనికి అన్నవంటిది; బరువు రెట్టింపు. దీనిని నీటినుండి వేఱుచేయు విద్య మనకు క్రొత్తది కాదు. తెలంగాణములో, గోదావరి చెంత, మణుగూరునందు భారజల కర్మాగారము 1991 నుండి నడచుచున్నది. అచ్చటి భారజలము నేడు యురేనియమును పగులగొట్టు రియాక్టరులకై పోవుచున్నది. అందలి సారము మాత్రము ఈ డ్యుటీరియమే. సంలీనమున బొగ్గుపొగ లేదు. యంత్రము చెడినచో మంట తనంత తానాఱిపోవునే కాని చేయిదాటి చెలరేగదు. వేలకొలది యేండ్లు కాపలా కాయవలసిన యింధనపు బూడిదయు లేదు. యంత్రపు గోడలకు మాత్రము రేడియోధార్మికత యంటును. ఇన్ని గుణములు గల శక్తిని ఆశింపని వాడెవ్వడు?

చిక్కంతయు దానిని పట్టి నిలుపుటలోనే కలదు. సూర్యుని భూమిమీదికి దింపుట యని పత్రికలు వ్రాయుచుండును. నిజమునకు మనము చేయవలసిన పని సూర్యుడు చేయుపనికంటె కష్టతరము. సూర్యగర్భపు వేడి కోటిన్నర డిగ్రీలు. అచ్చటి పదార్థము నీటికి సుమారు నూటయేబది రెట్లు చిక్కనిది. అయినను అందలి ఒక్కొక్క ఘనమీటరు పుట్టించు శక్తి మూడువందల వాట్లు దాటదు. మన యిండ్లలోని నాలుగైదు పంకాల పాటిది! సూర్యుడు తన విస్తారముచేత వెలుగుచున్నాడే కాని చుఱుకుదనముచేత గాదు. మనకంత విస్తారము లేదు గనుక వేడిని పెంచవలయును. డ్యుటీరియమును, దానికంటెను బరువైన ట్రిటియమును కలిపి పదునైదు కోట్ల డిగ్రీలవఱకు కాచవలయును. అంత వేడిని తట్టుకొను పాత్ర యెచ్చటను లేదు. కావున అయస్కాంతముల బలముతో, గోడల తాకనీయక, ఆ ప్లాస్మాను నడిమింట నిలుపవలయును. జిగురులేని పిడికిట గాలిని బంధించినట్టి పని యిది. ఒకవైపు నొక్కిన మఱొకవైపు జాఱిపోవును.

ఇట్టి కష్టమును తక్కువగా నెంచినవారి మాటలు ఎట్లు ముగిసినవో చూడుడు. 1951లో అర్జెంటీనా అధ్యక్షుడు పెరాన్, తమ దేశమున ఒక దీవిలో రిచ్టరను శాస్త్రజ్ఞుడు ఈ శక్తిని వశపఱచుకొనెనని లోకమునకు చాటెను. విచారణ జరిపి చూడగా అచ్చట ఏమియు లేదు. 1955లో జెనీవా మహాసభకు అధ్యక్షత వహించిన మన హోమీ భాభా, ఇరువదియేండ్లలో సంలీనశక్తిని అదుపున విడుదలచేయు మార్గము లభింపగలదని ప్రవచించెను. ఆయన మహామేధావి, మాటలో కపటము లేదు, అయినను 1975 వచ్చెను, పోయెను. 1958 జనవరిలో ఇంగ్లండులోని హార్వెలునందు జీటాయను యంత్రమున సంలీనము సాధింపబడెనని ప్రకటించిరి. ఆ వసంతముననే ఆ మాటను వెనుకకు తీసికొనిరి. 1989 మార్చిలో అమెరికాలోని యూటాయందు ఇరువురు రసాయనజ్ఞులు, సాధారణమైన వేడిలో, గాజుపాత్రలోనే సంలీనము జరిగెనని పత్రికలవారిని పిలిచి చెప్పిరి. లోకములోని ప్రయోగశాలలన్నియు మేలుకొని ప్రయత్నించినవి గాని ఫలము కానరాదాయెను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకుపేరు సోమలింగమను సామెత యిట్టివారికే పుట్టెనేమో! ఎల్లప్పుడును ముప్పదియేండ్ల దూరముననే యుండు శక్తి యని దీనిని పరిహసించుట పాశ్చాత్యులలో పరిపాటియైనది.

అయితే లెక్కలో రెండవ పుటయు కలదు. దానిని చదువక తీర్పు చెప్పుట న్యాయము కాదు.

1968లో రష్యాదేశీయులు టోకమాకను కడియపు ఆకారపు యంత్రమున లోకమునెవ్వరును చూడని వేడిని పొందితిమని నోవొసిబిర్స్కు సభలో తెలిపిరి. పశ్చిమదేశములవారు నమ్మలేదు. అవి రెండు పక్షములును ఒకరినొకరు శత్రువులుగా చూచుకొను దినములు. అయినను రష్యా శాస్త్రజ్ఞుల నాయకుడు ఆర్త్సిమోవిచ్ ఆంగ్లేయులనే పిలిచి, మీ పరికరములు మీరే తెచ్చుకొని మీరే కొలిచి చూడుడనెను. 1969లో ఆంగ్లబృందము లేసరు పరికరముతో మాస్కోకు పోయి కొలువగా వారు చెప్పినది నిజమని తేలెను. నాటినుండి టోకమాకు లోకమంతట వ్యాపించెను. 1997లో ఇంగ్లండులోని జెట్ యంత్రము 24 మెగావాట్ల వేడినిచ్చి 16 మెగావాట్ల సంలీనశక్తిని పొందెను. అదే యంత్రము 2023లో, మూసివేయబడుటకు ముందు, 69 మెగాజౌళ్లను విడుదల చేసెను. దానికైన యింధనము ఒక మిల్లీగ్రాములో అయిదవవంతు మాత్రమే. 2022 డిసెంబరు 5న అమెరికాలో కాలిఫోర్నియాయందు 192 లేసరు కిరణములను ఒక చిన్నగుండుపై గుఱిపెట్టి 2.05 మెగాజౌళ్లు ప్రయోగింపగా 3.15 మెగాజౌళ్లు బయల్వెడలెను. వేసినదానికంటె వచ్చినది హెచ్చగుట ప్రయోగశాలలో నదియే మొదటిసారి. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని వెస్టను యంత్రము ప్లాస్మాను ఇరువది రెండు నిమిషములు నిలుపగలిగెను. నవ్విన నాపచేనే పండునను మాటకూడ మన పెద్దలదే.

ఇక తూచు విధానము. ఇట్టి వార్త మన కంటబడినప్పుడు మూడు ప్రశ్నలు వేయుదము.

మొదటిది: లాభమును దేనితో పోల్చి చెప్పిరి? కాలిఫోర్నియా ప్రయోగమునే తీసికొందము. లేసరు కిరణముల శక్తితో పోల్చిన లాభము వచ్చినమాట నిజము. కాని ఆ లేసరులను వెలిగించుటకు విద్యుత్తు తీగెలనుండి పీల్చినది సుమారు 300 మెగాజౌళ్లు. మన యింటి మీటరు లెక్కలో చెప్పవలెనన్న ఎనుబదికి మించిన యూనిట్లు పోయగా ఒక యూనిటుకంటె తక్కువ వచ్చినది. అదియు వేడియే కాని విద్యుత్తు కాదు. జెట్ వారి 69 మెగాజౌళ్లు సుమారు 19 యూనిట్లు. శాస్త్రమున నిది విజయము. దీపము వెలిగించుటకు చాలదు. ఈ రెండు వాక్యములును ఒకేసారి నిజములు.

రెండవది: ఎంతసేపు నిలిచినది, ఎన్నిసార్లు చేయగలరు? విద్యుత్కేంద్రము ఏడాది పొడుగున నడువవలయును. సంలీనమున పుట్టు శక్తిలో అయిదింట నాలుగు పాళ్లు న్యూట్రానులను కణములతో పోవును. అవి గోడలను రాత్రింబగళ్లు కొట్టుచుండును. వానిని యేండ్లతరబడి ఓర్చుకొను లోహము నింకను వెదకుచునే యున్నారు. ట్రిటియము సంగతియు నట్టిదే. అది ప్రకృతిలో దాదాపు లేదు. పండ్రెండేండ్లకు సగము క్షీణించును. వేయి మెగావాట్ల సంలీనశక్తి ఏడాదికి సుమారు 55 కిలోల ట్రిటియమును మ్రింగును. లోకమున పౌరప్రయోజనములకు దొరకునది కొలది పదుల కిలోలే. కావున లిథియపు పొరను యంత్రము చుట్టును అమర్చి, తన యింధనమును తానే పండించుకొనునట్లు చేయవలయును. విద్యుత్కేంద్రపు మోతాదున ఆ పంట ఇంకను ఎచ్చటను పండలేదు.

మూడవది: అన్యులు కొలిచి చూచిరా? 1969కిని 1989కిని గల భేదమిదియే. మొదటివారు తమ్ము శంకించువారిని ఇంటికి పిలిచిరి. రెండవవారు శాస్త్రజ్ఞుల పరీక్షకు ముందే పత్రికలవారిని పిలిచిరి. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలును రంగమున దిగినవి. 2023లో హీలియనను అమెరికా సంస్థ 2028లో విద్యుత్తు నిత్తుమని మైక్రోసాఫ్టు సంస్థతో ఒడంబడిక చేసికొన్నది. వారి నపహసింపబనిలేదు, ముందుగా హారతి పట్టనుబనిలేదు. గడువు పెట్టినవారిని ఆ గడువుతోడనే కొలువవలయును.

ఇందు మన దేశపు పాలేమి? 1985లో జెనీవాలో రీగన్, గోర్బచేవుల సమావేశమున మొలకెత్తిన ఆలోచన ఇటరను మహాయంత్రమైనది. ఫ్రాన్సులోని కడరాష్ వద్ద దానిని కట్టుచున్నారు. భారతముతో గూడ ఏడుగురు భాగస్థులు 2006లో ఒడంబడిక వ్రాసిరి. 50 మెగావాట్ల వేడి వేసి 500 మెగావాట్లు పొందుట దాని లక్ష్యము. అదియు విద్యుత్తును ఉత్పత్తి చేయదు, మార్గము చూపును. దానిని చుట్టియుండు మహాశీతలపాత్ర, ముప్పది మీటర్ల యెత్తున, మన గుజరాతులోని హజీరాలో భాగములుగా తయారై సముద్రము దాటినది. కాని పని వెనుకబడినది. 2022లో లోపములు బయటపడగా, 2024లో గడువును సవరించిరి. అసలు యింధనముతో మంట 2039కి గాని రాదని వారే చెప్పుచున్నారు. ఇంటిలో మనకు గాంధీనగరమందలి ప్లాస్మా పరిశోధనాలయము కలదు. 1989లో ఆదిత్య టోకమాకును మనవారే నిర్మించుకొనిరి. అతివాహక అయస్కాంతముల యంత్రమును గూడ తరువాత నడపిరి.

బీదదేశమునకు ఈ వ్యయమేల యని కొందఱడుగుదురు. వారి ప్రశ్నను మేము త్రోసిపుచ్చము. పల్లెలో బడిపైకప్పు కూలియుండగా అట్లడుగువాడు దేశద్రోహి కాడు. కాని నేర్వని విద్యకు ఎప్పటికైనను వెల చెల్లింపక తప్పదు. రేపు ఈ శక్తి ఫలించినప్పుడు, యంత్రములను అన్యులవద్ద వారు చెప్పిన ధరకు కొనుటయో, మన చేతులతో కట్టుకొనుటయో, నేడు మన యువకులు నేర్చుకొనుటనుబట్టి తేలును. హజీరాలో ఆ పాత్రను అతికిన పనివాని నైపుణ్యము, సంలీనము ఫలింపకున్నను, వృథా పోదు.

అంతకంటె మాకు భయము గొలుపునది వేఱొకటి. నేడు మన దేశపు విద్యుత్తులో సుమారు నాలుగింట మూడుపాళ్లు బొగ్గునుండియే వచ్చుచున్నది. ఎండలు ముదురుచున్నవి, ఋతువులు తప్పుచున్నవి. రేపు సంలీనము వచ్చి అన్నిటిని చక్కబెట్టునను నెపమున, నేడు చేయవలసిన ఎండవిద్యుత్తు, గాలివిద్యుత్తు, తీగెలలో వృథానివారణ మొదలగు పనులను వాయిదా వేయువారు బయలుదేఱుదురు. మబ్బులో నీరు చూచి ముంతలోని నీరు ఒలకబోసికొన్న యవివేకమది. పై గడువులను చూచినచో ఈ రెండు దశాబ్దుల బొగ్గుపొగను సంలీనము తగ్గింపజాలదని స్పష్టము. అది మన మనుమల కొఱకు నాటు మఱ్ఱిమొక్క. మొక్క నాటుట ధర్మమే. అది పెరుగువఱకు ఎండలో నిలువనేల? పందిరి వేసికొనుట గూడ ధర్మమే.

కావున సోదరులారా, ప్రభుత్వమువారిని మనము కోరవలసినది ఇదియే. పరిశోధనకు ఇచ్చుధనము చిన్నదైనను ఏటేట తప్పక యిండు. కీర్తికై ఒకయేడు కుమ్మరించి మఱుయేడు ఎండగట్టకుడు. ఫలితములను, లోపములనుగూడ, ప్రజలకు దేశభాషలలో చెప్పుడు. శాస్త్రజ్ఞులను మనము కోరవలసినది, చేయగలిగినంతయే చెప్పుడని. మనలను మనము కోరుకొనవలసినది, వార్త విన్నతోడనే చప్పట్లును వెక్కిరింతలును మాని, మీటరు లెక్క యేమని యడుగు నలవాటు. అట్లడుగు ప్రజలు గల దేశమున శాస్త్రజ్ఞుడు కల్లలాడుటకు వెఱచును, నిజము చెప్పుటకు వెఱవడు.