శొంఠిలోని సారము, వాపు నొప్పులపై దాని గుణము
(వరంగల్‌లో రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



శొంఠిలేని కషాయము లేదను సామెత మీరందరు ఎరిగినదే. బాలింత పథ్యమునకును, జలుబు కషాయమునకును శొంఠి లేనిదే జరుగదు. ఇందు ఏ పదార్థములు ఉన్నవి? కీళ్ల వాపునకు అది నిజముగా పనిచేయునా? ఆ సారము మన చేతిలో చెడకుండ అల్లమును ఎట్లు ఆరబెట్టవలెను? ఈ మూడు సంగతులు నేడు మనవి చేసెదను.

పచ్చి అల్లములో నూటికి సుమారు 80 వంతులు నీరే. బాగుగా ఆరిన శొంఠిలో నీరు 10 వంతులకు దిగును. మిగిలిన దానిలో అధిక భాగము పిండిపదార్థము. తరువాత మాంసకృత్తులు, పీచు, క్రొవ్వు, ఖనిజములు. కాని శొంఠి విలువ కొద్దిపాటిగా ఉండు పదార్థములలోనే ఉన్నది. నూటికి 1 నుండి 3 వంతులుండు తైలము వాసన నిచ్చును. జింజెరాల్, షోగాల్ అనునవి ఘాటు నిచ్చును.

పచ్చి అల్లములో ముఖ్యమైనది జింజెరాల్. ఆరునప్పుడు ఇందులో కొంత భాగము నీటి అంశమును కోల్పోయి షోగాల్‌గా మారును. జపాను భాషలో అల్లమును 'షోగా' అందురు. ఆ పేరే దీనికి వచ్చినది. షోగాల్ ఘాటు జింజెరాల్ కంటె హెచ్చు. శొంఠి అల్లము కంటె కారముగా ఉండుటకు ఇది యొక కారణము.

అరిగిన కీలులో ప్రోస్టాగ్లాండిన్లను పదార్థములు పుట్టి వాపును, నొప్పిని హెచ్చించును. వీటిని తయారుచేయు ఎంజైములను జింజెరాల్, షోగాల్ అణచునని ప్రయోగశాలలలో తేలినది. నొప్పి మాత్రలలో పెక్కు ఈ మార్గముననే పనిచేయును. అమెరికాలో మోకాళ్ల అరుగుదల గలవారిపై జరిపిన ఒక పరీక్ష ఫలితములు 2001లో వెలువడినవి. అల్లమును, ఆ కుటుంబపు మరియొక దుంపను కలిపి తీసిన సారమును 6 వారములు ఇచ్చిరి. సారము పుచ్చుకొన్నవారిలో నూటికి 63 మందికి నొప్పి తగ్గినది. మందు లేని మాత్ర పుచ్చుకొన్నవారిలోను నూటికి 50 మందికి తగ్గినది. అనగా గుణము కలదు, కాని అది మితమైనది.

ఈ మాట గట్టిగా చెప్పుటకు కారణము కలదు. మా తల్లిగారు శొంఠి పాలను నమ్మి డాక్టరు మాత్రలు మానివేసిరి. కొద్ది దినములలోనే గడప దాటుట కష్టమైనది. శొంఠిని ఆహారములో వాడుకొనుడు, మందు మానకుడు. రక్తము పలుచనగుటకు మందు వాడువారు, పిత్తాశయములో రాళ్లు ఉన్నవారు డాక్టరును అడుగక శొంఠిని హెచ్చుగా తినరాదు.

ఇక ఆరబెట్టు పద్ధతి. ఎనుమాముల మార్కెటుకు పసుపు తెచ్చు రైతులకు కొమ్ము ఉడికించుట అలవాటు. అల్లమును, పసుపును ఒకే కుటుంబమునకు చెందినను, శొంఠికి అల్లమును ఉడికించ నక్కరలేదు. ఆకులు పండి ఎండిన పిమ్మట, సుమారు 8 నెలలకు త్రవ్వవలెను. రాత్రి నీటిలో నానబెట్టి, మట్టి పోవునట్లు రుద్ది, వెదురు బద్దతో పైపొట్టు మాత్రము గీకవలెను. తైలపు కణములు పొట్టు క్రిందనే ఉన్నవి. లోతుగా గీకినచో తైలము పోవును. ఇనుప కత్తి మరకలు చేయును. శుభ్రమైన పరదాపై పలుచగా పరచి, దినదినము త్రిప్పుచు, వారము నుండి పది దినములు ఎండనీయవలెను. రాత్రి మంచు తగులనీయరాదు. తడి మిగిలినచో బూజు పట్టును. బూజు పట్టిన శొంఠి మందు కాదు, విషము కావచ్చును. తెల్లదనమునకై గంధకపు పొగ పెట్టకుడు.

తుదకు లెక్క చూచుకొనుడు. 100 కిలోల పచ్చి అల్లమునకు సుమారు 20 కిలోల శొంఠి వచ్చును. కావున కిలో శొంఠి ధర కిలో అల్లము ధరకు 5 రెట్లకు పైగా ఉండి, కూలి ఖర్చు కూడ గిట్టినప్పుడే ఆరబెట్టుట లాభము. పీచు తక్కువగా ఉండి, ఆరిన పిమ్మట హెచ్చు దిగుబడి నిచ్చు విత్తనము దీనికి తగినది. కోళిక్కోడు సుగంధద్రవ్యాల పరిశోధనా సంస్థ వారి 'వరద' రకము అట్టిది. మొదట కొద్ది కిలోలు ఆరబెట్టి, తూచి, మీ పొలపు అల్లము లెక్క మీరే కట్టుకొనుడు.