అడ్వాన్సు ఇచ్చే ముందు అడగండి

మిత్రులారా,

మన బ్యాచ్‌లో నల్లకోటు వేసుకున్నది నేనొక్కడినే. అందుకే ఏ పెళ్లిలో కలిసినా మీరడిగేది ఒకటే: "ఒరేయ్, ఈ ప్లాటు కొనొచ్చా?" చిక్కేమిటంటే, చాలామంది ఆ మాట డబ్బు కట్టేశాక అడుగుతారు.

మన క్లాసువాడే ఒకడు రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పెట్టి స్థలం కొన్నాడు. నా దగ్గరికి తెచ్చింది ఒక్క జీపీఏ కాగితం. దానితోనే యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఆ మాట వాడికి చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. "ఇది ముందే ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఏ జడ్జిగారూ నన్నంతగా నిలదీయలేదు. ఆ రాత్రే, స్థలాలు కొనేవాళ్ల కోసం తేలిక తెలుగులో రాయడం మొదలుపెట్టాను.

రాసినదాని సారం ఇదీ. ఈసీ శుభ్రంగా ఉంటే చాలనుకోకండి. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. రిజిస్టరు కాని వీలునామా, అన్నదమ్ముల వాటా తగాదా కనిపించవు. లింకు డాక్యుమెంట్లన్నీ అడగండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. వెంచరు 500 చదరపు మీటర్లు దాటితే రెరా నంబరు అడగండి. అలాంటి వెంచర్లో అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని చట్టమే చెబుతోంది.

మొహమాటపడకండి. మీ కాగితాలు చూసినందుకు ఫీజు తీసుకోను. డబ్బు ఇవ్వకముందే తేవాలి, అదొక్కటే నా షరతు.

సెలవు.