అలపై తేలు కొయ్యపలక
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సముద్రపు అలపై నిలిచి ఒడ్డునకు జారివచ్చుటకు వాడు పలకను సర్ఫుబోర్డు అందురు. ఈ విద్య పరాకాష్ఠ నందినది హవాయీ దీవులలో. అచ్చటి ప్రభువుల పొడవైన పలకకు 'ఓలో' అని పేరు. దానికి తేలికయైన విలివిలి కొయ్యను వాడెడివారు. ఎఱ్ఱని పూలు పూయు మన బాడిదయు ఆ జాతిదే. చెట్టును కొట్టుటకు ముందు దాని మొదట ఎఱ్ఱని చేపను నివేదించెడివారని చెప్పుదురు.

తేలికదనము, గట్టిదనము సవతుల వంటివి. రెంటిని ఒక యింట నిలుపుటయే పనివాని నేర్పు. ప్రసిద్ధ ఈతగాడు డ్యూక్ కహనమోకు 1930 ప్రాంతమున వాడిన కోవా కొయ్యపలక పొడవు 16 అడుగులు, బరువు 114 పౌనులు! అమెరికా దేశీయుడైన టామ్ బ్లేక్ 1926లో పాత ఓలోను పోలిన పలక చేసి, దానికి వందలకొలది రంధ్రములు తొలిచి, పైన పలుచని చెక్కతో మూసెను. పిమ్మట లోపల చట్రముగల బోలుపలకను నిర్మించి 1932లో పేటెంటు పొందెను.

బోలుపలక విరుగదా అని మీరడుగవచ్చును. వెదురును చూడుడు. వంగునపుడు ఒత్తిడి ఎక్కువగ పైపొరలమీదనే పడును. నడుమనున్న పదార్థము బరువే గాని బలము స్వల్పము. తొమ్మిదడుగుల పలక ఘనపరిమాణము సుమారు 70 లీటర్లనుకొందము. అంతయు టేకైనచో 45 కిలోలు తూగును. పౌలోనియా కొయ్యను 6 మిల్లీమీటర్ల మందమున చీల్చి రెండువైపుల కప్పినచో, ఆ కప్పు నాలుగు కిలోలే. నడిమి వెన్నుపట్టె, దానికి అడ్డముగ ప్రక్కటెముకలు, అంచుపట్టెలు చేర్చినను మొత్తము టేకుదిమ్మలో నాల్గవవంతునకు మించదు. లోపలి గాలి ఎండకు వ్యాకోచించి అతుకులు విడకుండ ఒక చిన్న మరను అమర్చుదురు. ఒడ్డునకు రాగానే దానిని వదులు చేయవలెను.

కొయ్యకు నీరు శత్రువు. మన కళింగాంధ్ర జాలరులు తెప్పను ఒడ్డునకు చేర్చి, కట్లు విప్పి దుంగల నారబెట్టెడిది అందుకే. నేటి పలకకు గాజునార గుడ్డ, ఎపాక్సీ జిగురు ఆ రక్షణ నిచ్చును.

1950 దశకపు చివర పాలియురిథేను నురుగు దిమ్మలు వచ్చి కొయ్యను వెనుకకు నెట్టినవి. అవి చవుక, తేలిక. కాని విరిగిన పలక మట్టిలో కలియదు. అమెరికాలో ఆ దిమ్మలలో అధికభాగము చేసిన క్లార్క్ ఫోమ్ 2005 డిసెంబరులో మూతపడెను. కొయ్య సంగతి మరల తలపునకు వచ్చినది.

అయితే కొయ్య యన్నంతమాత్రాన పుణ్యము రాదు. పైపూత జిగురు రసాయనమే. ఆ 2005లోనే ఒక చిన్న కందిరీగజాతి పురుగు హవాయీలో ప్రవేశించి విలివిలి చెట్లను పెక్కింటిని బలిగొన్నది. కావున త్వరగా పెరిగి, కొట్టిన మోడునుండి మరల చిగిర్చు పౌలోనియా వంటి చెట్టును నాటి వాడుట, తక్కువ కొయ్యతో చేయుట, చేసినదానిని బాగుచేసికొనుచు చిరకాలము వాడుట, ఈ మూడును కలిసినప్పుడే పలక నీటికివలె నేలకును తేలికయగును. చెట్టు మొదట చేపనుంచిన ఆ పూర్వులు ఋణమును గుర్తించిరి. ఆ ఋణమును మొక్క నాటి తీర్చుట మన వంతు.