పట్టా లేనివాళ్లకు నేర్పండి

సైకాలజీ, సోషల్ వర్క్ పట్టాలు అందుకున్న మీకు అభినందనలు.

పట్టా చేతికొచ్చిన రోజున చెప్పకూడని మాట ఒకటి చెబుతాను. డిప్రెషన్‌ను మాటలతో నయం చేయడానికి ప్రతిచోటా ఈ పట్టాయే ఉండాలని లేదు. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ సంగతి పరీక్షించి చూసింది. మానసిక వైద్యం చదవని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్‌తో వచ్చినవాళ్లతో మాట్లాడించారు. ఆరు నుంచి ఎనిమిది విడతలు, ఒక్కోటీ అరగంట పైచిలుకు. ఫలితం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. మూడు నెలలకు వీళ్ల సాయం కూడా అందినవారిలో 64 శాతం కోలుకున్నారు, డాక్టరు చేసే మామూలు వైద్యంతోనే సరిపెట్టుకున్నవారిలో 39 శాతం.

అంతలా ఏం చేశారంటారా? మన పీహెచ్‌సీకి ఒకావిడ వచ్చిందనుకోండి. "నీరసంగా ఉందమ్మా, గ్లూకోజ్ పెట్టించండి" అంటుంది. దిగులు ఊసే ఎత్తదు. నిద్ర గురించి, ఆకలి గురించి అడగ్గా అడగ్గా బయటికొస్తుంది: ముగ్గు వేసి నెలలైంది, చెల్లెలు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మనసు కుదుటపడ్డాక చేద్దాంలే అనుకుంటోంది. చికిత్స ఈ వరసను తిరగేస్తుంది. ముందు పని, ఆ తర్వాతే మనసు. రేపు పొద్దున చిన్న ముగ్గు, బుధవారం చెల్లెలికి ఫోను. చేశాక ఎలా అనిపించిందో కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. వచ్చే వారం ఆ కాగితం ముందేసుకుని మాట్లాడతారు. చేయలేకపోతే మందలింపు ఉండదు, పనినే ఇంకా చిన్నది చేస్తారు. ధైర్యంగా ఉండమనే సలహా చికిత్స కాదు. అది మన చుట్టాలు ఎలాగూ ఉచితంగానే ఇస్తున్నారు.

ఆందోళనకూ ఇలాంటి దారే. బస్సెక్కితే గుండెదడ వచ్చే కుర్రాణ్ణి ముందు ఒక్క స్టాప్ దూరం తీసుకెళ్లాలి. దిగిపోకుండా కూర్చుంటే దడ దానంతటదే తగ్గుతుందని వాడికి తెలిసిరావాలి.

మరి మీరెందుకు? గోవాలో ఆ కౌన్సెలర్లు తమ సంభాషణల రికార్డింగులు కలిసి విని, ఒకరి పనికి ఒకరు మార్కులు వేసుకునేవారు. అలా వినడం మన ఆశా కార్యకర్తకు మీరు నేర్పాలి, తడబడిన చోట దిద్దాలి. చచ్చిపోవాలనుందని ఎవరైనా ఆమెతో అంటే, టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416తో పాటు మీ నంబరూ ఆమె దగ్గర ఉండాలి.

నగరంలో క్లినిక్ పెట్టుకోవద్దనను. చదువుకు చేసిన అప్పులు తీర్చాలి కదా. వారానికొక పూట మాత్రం మీ మండలానికి ఇవ్వండి. మెడికల్ ఆఫీసరు గారిని ఒక గది అడగండి. లేదంటే, పక్కవాళ్లకు మాటలు వినబడని వరండా మూలైనా సరే, రెండు కుర్చీలు వేయించండి.