వన్యజీవుల చిత్రములలో కుంచె పని

అడవిమృగముల బ్రదుకును చూపు చలనచిత్రమునకు కుంచెతో నేమి పని యని శ్రోతలకు తోచవచ్చును. పని కలదు. వాల్ట్ డిస్నీ సంస్థవారు 1948లో వెలువరించిన 'సీల్ ఐలండ్' మొదలుకొని ఆ వరుసలోని చిత్రములు చాలవరకు కుంచెతోనే ఆరంభమగును.

తెరమీద కుంచె యొకటి కనుపించును. పట్టిన చేయి మాత్రము కనుపించదు. అది తనంతట తానే కదలి భూగోళమును దిద్దును, కొండలకు రంగు పూయును, ఇసుకను పఱచును. మనము చూచుచుండగనే ఆ బొమ్మ కరగి నిజమైన నేలగా మారును. సెకనునకు 24 బొమ్మల చొప్పున పరుగెత్తు ఫిల్ములో ఆ కుంచె జరిగిన ప్రతి మెట్టును విడివిడిగా సిద్ధపఱుపవలెను. జాషువా మీడర్ మున్నగువారు ఈ విద్యలో ఆరితేరినవారు.

ఆ కుంచెలో మాకు నచ్చినది దాని నిజాయితీ. ఇంతవఱకు మేము గీసినది, ఇక మీదట కెమెరా చూచినది అని అది ముందే గీటు గీచి చెప్పును. చిక్కు ఆ గీటు దాటిన పిమ్మటనే వచ్చెను.

1953 నాటి 'ది లివింగ్ డెజర్ట్' చిత్రములో రెండు తేళ్లున్నవి. జతకట్టు వేళ మగతేలు ఆడతేలు డెక్కలను పట్టుకొని ముందునకు వెనుకకు నడిపించుట ప్రకృతిలో నున్నదే. అయితే ఆప్టికల్ ప్రింటర్ అను యంత్రమొకటి కలదు. అందులో ఒకవైపు ప్రొజెక్టరు, ఎదుట కెమెరా. తీసిన ఫిల్మును ఒక్కొక్క బొమ్మగా నడిపి మరల క్రొత్త ఫిల్ముమీద పట్టుదురు; కావలసినచో వెనుకకు త్రిప్పుదురు, ఒకే అడుగును పదిమార్లు వేయింతురు. ఆ విధముగా తేళ్ల నడకకు పల్లెపాట తాళము కుదిర్చి నాట్యము చేయించిరి. ప్రేక్షకులు నవ్విరి. చిత్రమునకు ఆస్కారు బహుమానము వచ్చెను. కొందఱు విమర్శకులు మాత్రము నవ్వలేదు. మేము సగము నవ్వినవారము.

1958లో వచ్చిన 'వైట్ వైల్డర్‌నెస్' సంగతి వేఱు. లెమింగులను ఎలుకజాతి జీవులు గుంపుగా సముద్రములో దూకి చచ్చునట్లు అందు చూపిరి. ఆ దృశ్యమును తీసినది సముద్రమే లేని ఆల్బర్టాలో! కొద్దిపాటి లెమింగులను వేఱొకచోటినుండి తెచ్చి, మంచు పఱచిన తిరుగుడుబల్లపై పరుగెత్తించి, గట్టుపైనుండి నదిలోనికి నెట్టిరని 1982లో కెనడా ప్రసారసంస్థ వెల్లడించెను. ఇచట గీటు లేదు. నమ్మినవారికి తెలియు దారియు లేదు. లెమింగులు ఆత్మహత్య చేసికొనునను మాటను నేటికిని నమ్మువారున్నారు.

వీరిని తప్పుపట్టుటకు ముందు మా స్టూడియో తలుపును తెఱవక తప్పదు. చేటలో బియ్యము దొర్లించి వాన కురిపించువారము, కొబ్బరిచిప్పలతో గుఱ్ఱములను నడిపించువారము మేము. నాటకములో అది అందఱెఱిగిన ఆట. కాని ఒకమాఱు నల్లమల అడవిని గూర్చిన రూపకములో, దొరకని జింక అడుగులకు బదులు, గంపెడు ఎండుటాకులను మేమే త్రొక్కితిమి. అడవియంచున నుండు శ్రోత యొకరు జాబు వ్రాసిరి: "అయ్యా, అంత బరువుగా నడచు జింకను మే మెన్నడు నెఱుగము. అది ఏ జాతిదో తెలుపగోరెదను."

ఆ రూపకమును మరల ప్రసారము చేసినపుడు, అడుగుల చప్పుడు స్టూడియోలో కల్పించినదను వాక్యమును మొదట చేర్చితిమి. దానిని చదువుటకు పట్టినది 6 సెకనులు.