ముప్పై రెండు అంటే చక్రాలే

 

పట్టాలు అందుకున్న బిడ్డలారా, ఆర్మూర్‌లో పెరిగినవాళ్లకు పసుపులో పొడవాటి కాడి ఏదో, గుండ్రటి గోళ ఏదో ఒకరు చెప్పక్కర్లేదు. ఉడకబెట్టి, ఎండబెట్టి, రెండూ వేరుచేసి నిజామాబాద్ యార్డుకు తోలుతాం. కాడి అన్నాక రైతుకైనా ఖరీదుదారుకైనా ఒకే సరుకు కళ్లముందుంటుంది. శంషాబాద్ హ్యాంగర్‌లో విమానాలు బాగుచేసే నా పనికీ ఇలా ఒక పేరుకు అందరికీ ఒకే అర్థం ఉండడమే ఆధారం.

ఒక విమానం మాన్యువల్ అంటే వేల పేజీలు. 1956లో అమెరికా విమాన రవాణా సంఘం ఏటీఏ-100 అనే పద్ధతి తెచ్చి, విమానం మొత్తాన్ని అధ్యాయాలుగా విడగొట్టింది. 24 కరెంటు, 28 ఇంధనం, 32 ల్యాండింగ్ గేర్, 72 ఇంజిన్. బోయింగైనా ఎయిర్‌బస్సైనా ఆ అంకెలు మారవు. 32 తర్వాత 40 వస్తే చక్రాలు, బ్రేకులు. ఆ పైన వచ్చే అంకెలు ఫలానా భాగం దగ్గరికి చేరుస్తాయి. పేజీ నంబరుకూ అర్థముంది: 101 నుంచి లోపం పట్టుకోవడం, 401 నుంచి విప్పి బిగించడం, 601 నుంచి తనిఖీ. ఇంత పొందికైన పుస్తకం నేను ఇంకోటి చూడలేదు.

కొత్తలో ఒక రాత్రి బ్రేకు మార్చి, లాగ్‌లో "బ్రేకు పని అయింది" అని రాసి షిఫ్టు దిగాను. మాన్యువల్ నంబరు రాయలేదు. ఏ చక్రానిదో కూడా రాయలేదు. మా సీనియర్ గేటు దగ్గరినుంచి వెనక్కి పిలిపించారు. నట్లన్నీ టార్క్ రెంచి పెట్టి మళ్లీ ఒక్కొక్కటే చూపించమన్నారు. తెల్లారింది. "నువ్వు సరిగ్గానే బిగించావు. కానీ నువ్వు ఇంటికెళ్లాక ఈ కాగితమే మాట్లాడాలి కదా" అన్నారు. ఆ మాటకు నా గొంతు పూడుకుపోయింది. ఆ ఉదయం ఆ చక్రాల మీద దిగబోయేవాళ్లలో ఎవరి పేరూ నాకు తెలియదు. అప్పటినుంచి నంబరు రాయకుండా ఒక్క సంతకమూ పెట్టలేదు.

మీలో ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ చదివినవాళ్లు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే విమాన నిర్వహణ లైసెన్సు పరీక్షల గురించి ఒకసారి కనుక్కోండి. మన ఊరి మీదుగా పోయే 44వ నంబరు హైవేనే శంషాబాద్‌కూ పోతుంది. రండి, మా హ్యాంగర్లలో మన ఆర్మూర్ పిల్లలు కావాలి.