పాడేదీ నేనే, కొట్టేదీ నేనే
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగం)

బెంచీ మీద దరువు వేశానని నన్ను క్లాసు బయట నిలబెట్టిన లెక్కల సారు ముందు వరుసలోనే ఉన్నారు. సార్, ఆ అలవాటుతోనే ముప్ఫై ఏళ్లు అన్నం తిన్నాను.

సూర్యాపేట వాళ్లకు దరువు కొత్త కాదు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర చూసి పెరిగినవాళ్లం. ఆడపిల్ల కొట్టడమే కొత్త. మా మేనమామ డోలక్ మీద కహర్వా ఎనిమిది మాత్రలు, దాద్రా ఆరు నేర్చుకున్నాను. పాడుతూ కొట్టడం మాత్రం వేరే విద్య. ఊపిరి తీసుకునే చోట చేయి ఆగకూడదు, చేయి గట్టిగా పడినచోట గొంతు అదరకూడదు. అది కుదరడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆర్కెస్ట్రాలో చేరాక కోదాడ పెళ్లిళ్లు, మిర్యాలగూడ గణపతి పందిళ్లు. రాత్రి చలికి తోలు వదులైతే పాటకూ పాటకూ మధ్య పానాతో నట్లు బిగించుకునేదాన్ని. ఒకచోట నిర్వాహకుడు, "చెల్లె, నువ్వు ముందట నిలబడి పాడు, డోలక్ మావోడు కొడతడు" అన్నాడు. బిడ్డ ఫీజు కట్టాలి, ఒప్పుకున్నాను. పాడినంతసేపూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మొన్న మా అబ్బాయి ఫోన్‌లో కారెన్ కార్పెంటర్‌ను చూపించాడు. అమెరికా అమ్మాయి. అన్న రిచర్డ్‌తో కలిసి 'కార్పెంటర్స్' పేరుతో 1970లలో ప్రపంచమంతా విన్న పాటలు పాడింది. మొదట్లో డ్రమ్స్ వెనక కూర్చునే పాడేది. గొంతుకు పేరొచ్చాక జనానికి కనబడాలని ఆమెను ముందుకు తెచ్చారు, డ్రమ్స్ చాలావరకు వేరేవాళ్ల చేతికి పోయాయి. ఆమె మాత్రం తనను పాడే డ్రమ్మర్ననే చెప్పుకునేది. 1983లో, 32 ఏళ్లకే పోయింది. ఆ వీడియో రెండుసార్లు చూశాను. మూడోసారి చూడలేకపోయాను.

మన ఏలూరు ఆవిడ దండమూడి సుమతి గారికి 2021లో మృదంగానికే పద్మశ్రీ వచ్చింది. వారిది కచేరీ, మాది పందిరి. అయినా ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో పాయసం వండాను.

ఆ పందిరి తర్వాత నేను రెండు మైకులు అడగడం మొదలుపెట్టాను, ఒకటి నోటికి, ఒకటి డోలక్‌కు. డబ్బు కూడా రెండు పనులకూ అడిగాను. కుదరదన్న చోటికి పోలేదు. చాలా ప్రోగ్రాములు పోయాయి. తర్వాత ప్యాడ్స్ వచ్చి డోలక్‌నే పక్కన పెట్టించాయి, అది వేరే కథ.

ఇవాళ డోలక్ తెచ్చాను. సౌండ్ తమ్ముడూ, ఆ రెండో మైకు కొంచెం కిందికి దించు. లెక్కల సారు, ఈసారి బయటికి పంపకండి.